రెవ్వ పిట్ట రెక్కలోని సున్నాలు

పిట్టల తోలు ఒలిచే పనికి పోతానని ఎవరైనా అంటే ముందు నా వేళ్లు చూపిస్తాను. పదింటిలో నాలుగు వేళ్లకు గోళ్లు లేవు. ఉన్నవి నల్లగా, పెళుసుగా, పగిలిన కుండ పెంకుల్లా ఉంటాయి. అది, తోలుకు పురుగు పట్టకుండా పూసే పాషాణం సబ్బు చేసిన పని. గొంతు గీరుకుపోయింది కూడా దానివల్లే. ఆదివారం చర్చిలో నేను పాట ఎత్తుకుంటే పక్కన కూర్చున్నవాళ్లు ముసల్ది దగ్గుతోందనుకుంటారు.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది మా పాస్టరుగారి కూతురు కరుణ. మద్రాసులో ప్రాణుల చదువు చదివింది. వచ్చే నెల అక్కడే ఒక కొలువులో చేరుతోంది. చచ్చిన పిట్టలను పెట్టెల్లో సర్దడం, వాటి కాళ్లకు చీటీలు రాసి కట్టడం ఆ కొలువులో పని. "అవ్వా, నీ బతుకంతా ఆ పనిలోనే పోయింది గదా, నాకేమన్నా చెప్పు" అని అడిగింది. చెబుతాను తల్లీ. నవ్వుతూ విని లేచిపోయే మాటలైతే కావు. దొరలు ఓడలెక్కి పోతున్నారని, రాజ్యం మనదేనని ఊళ్లో జెండాలు కడుతున్నారు. నా పనంతా కలిపి చూసుకుంటే మిగిలింది ఒక రేకు డబ్బాలో పట్టేన్ని కాగితపు ముక్కలు.

వల కాదు, ఉచ్చు

మాది ఎర్రగుంట్లకు దిగువన పెన్నేటి గట్టు మీది ఊరు. నా పెనిమిటి దావీదు కూలి దొరికిన రోజు కూలికి పోయేవాడు, దొరకని రోజు పిట్టలు పట్టేవాడు. ఏట్లో నీళ్లు తగ్గి తడి ఇసుక తేలినప్పుడు రెవ్వ పిట్టలు దిగుతాయి. గుప్పిట్లో పట్టేంత పిట్ట. పైన ఇసుక రంగు, కింద తెల్లటి పొట్ట, మెడకు నల్ల పట్టీ, కంటి చుట్టూ పసుపు గీత. నాలుగడుగులు గబగబ పరుగెత్తి టక్కున ఆగుతుంది. మళ్లీ పరుగెత్తుతుంది. ఎగరడం కంటే పరుగెత్తడమే దానికి ఇష్టం. దావీదు కనిపెట్టిన గుట్టు అదే. గుర్రం తోక వెంట్రుకలతో ఉచ్చులు పేని, వాటిని ఒక తాడుకు వరసగా కట్టి, ఇసుకలో పాతేవాడు. తర్వాత అటుపక్క నుంచి, ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్న మనిషిలా, తల వంచుకుని మెల్లగా నడిచి వచ్చేవాడు. పిట్ట ఎగరదు. ముందుకు పరుగెత్తి పరుగెత్తి ఉచ్చులో కాలు పెడుతుంది.

కాలువ బంగళాలో ఒక దొర ఉండేవాడు. కాలువ పనులు చూసే ఇంజనీరు. ఆయనకు పిట్టల పిచ్చి. తుపాకీతో కొడితే చిన్న పిట్ట చిందరవందర అవుతుందని, దావీదు పట్టినవి చెక్కు చెదరకుండా ఉంటాయని ఆయనకు తెలిసింది. అట్లా మా ఇంటి పిట్టలు బంగళాకు పోవడం మొదలయింది. అక్కడ తోలు ఒలిచేది మస్తాన్ సాయిబు. ఆయన అసలు పని దొరకు వంట. కత్తి పట్టడం వచ్చినవాడు కనక దొర ఈ పని కూడా ఆయనకే అప్పజెప్పాడు. ముసలితనంలో చూపు మందగించి, సాయం కావాలంటే దావీదు నన్ను తీసుకుపోయాడు. నాకప్పుడు ఇరవై నిండలేదు.

వంటింటి పాఠం

మస్తాన్ సాయిబు నేర్పింది చెబుతాను. మీ చదువులో ఇది ఉందో లేదో నాకు తెలియదు.

కడప బండ మీద పిట్టను వెల్లకిలా పడుకోబెట్టాలి. రొమ్ము కింద నుంచి తోక దాకా సన్నగా కోయాలి. చర్మం కోయాలి గానీ పొట్ట తెగకూడదు. తెగిందంటే మురికి కారి తెల్ల ఈకలు పాడవుతాయి. తడి కనిపించిన చోటల్లా జొన్నపిండి చల్లాలి. మేజోడు తిరగేసినట్టు తోలును తల వరకూ తిరగేయాలి. కండ్లు, మెదడు తీసేయాలి. లోపలి వైపు పాషాణం సబ్బు కుంచెతో పూసి, దూది కూరి, కుట్టి, నీడలో ఆరబెట్టాలి. ఆరాక పిట్ట నిద్రపోతున్నట్టు ఉండాలి.

జొన్నపిండి గురించి ఒక మాట. వానలు ఎగ్గొట్టిన ఏడు మా పేటలో సంగటి ముద్ద కనిపించడమే గగనమయింది. బంగళా వాళ్లిచ్చిన పిండిని నేను చచ్చిన పిట్టలకు చల్లుతున్నానని ఆడవాళ్లకు తెలిసింది. బావి దగ్గర ఒకామె అందరూ వినేటట్టు అంది: "మన పిల్లోళ్ల మొగానికి గంజి ల్యాదు. మరియమ్మ మాత్రం పిట్టలకు పౌడరు పూస్తాంది." నేను తల ఎత్తలేదు. పాషాణం కలిసిన పిండి అది, ఇంటికి తేలేను. అది చెప్పినా ఎవరు నమ్ముతారు?

ఇప్పుడు అసలు పాఠం. పిట్ట పాత ఈక రాల్చుకుంటే ఆ కుదురులోనే కొత్తది మొలుస్తుంది. మొదట్లో అది ఈకలా ఉండదు. నీలంగా, మెత్తగా, చిన్న గొట్టంలా ఉంటుంది. లోపల అంతా రక్తం. కోడిని శుభ్రం చేసిన ప్రతి ఆడదానికీ ఆ గొట్టం ఈకలు తెలుసు. ఒకసారి నేను ఒలిచిన పిట్ట రెక్కలో అట్లాంటి ఈక పగిలి, రక్తం కారి, తెల్ల పొట్ట మీద మరక కట్టింది. దానికి చీమలు పట్టాయి. దొర ఆ పిట్టను బండ మీద విసిరికొట్టాడు. ఆ సాయంత్రం సాయిబు నన్ను కూర్చోబెట్టాడు.

"అమ్మీ, కోడిని కాల్చేటప్పుడు గొట్టమీకలు ఉంచుతావా, పీకుతావా?"

"పీకుతా తాతా. ఉంచితే నోట్లో గుచ్చుకుంటాయి గదా."

"ఇది గూడా అంతే. మనం నోటితో తింటాం, దొర కండ్లతో తింటాడు. ఆయప్ప కండ్లల్లో గుచ్చుకోగూడదు. పీకెయ్."

పీకాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, ఎముక వైపు కొంచెం తిప్పి లాగితే చప్పుడు లేకుండా వచ్చేది. రెండు పక్కలా ఉన్న పాత ఈకలను దగ్గరికి దువ్వి ఆరబెట్టేదాన్ని. పిట్ట నున్నగా, చక్కగా ఉండేది. తర్వాతి పెట్టె చూసి దొర "బాగున్నది, చాలా బాగున్నది" అన్నాడు. ఆ మాట కోసం నేను ఏండ్ల తరబడి పీకాను. మంచి పని చేస్తున్నాననే పీకాను.

కరుణా, ఇది గుర్తుపెట్టుకో. పై అధికారి మెచ్చుకున్న తప్పును మనమెప్పుడూ తప్పని అనుకోం.

నా వేళ్లకు తెలిసినది

పిట్ట లోపల ఏముంటుందో నాకు తెలిసినంత ఈ రెండు జిల్లాల్లో ఎవరికీ తెలియదని గట్టిగా చెప్పగలను. రెవ్వ పిట్టకు కాలి వెనక వేలు లేదు. పరుగెత్తే కాలికి మూడే వేళ్లు. కన్ను మెదడు కంటే పెద్దది. మగదో ఆడదో బయటికి తెలియకపోతే వెన్నెముక పక్కన చూడాలి. మగదానికి రెండు తెల్లని నూకగింజలు, ఆడదానికి గసగసాల గుత్తి. చలికాలంలో తోలు కింద కొవ్వు కనిపించదు. ఎండలు ముదిరేముందు, అవి దూరదేశం పోయే వేళకు, తోలు కింద వెన్న పూసినట్టు పేరుకుంటుంది. ఒలుస్తుంటే వేళ్లు జారిపోతాయి.

రెక్కలో పెద్ద ఈకలు పది. కొసన పదకొండోది ఒకటుంటుంది, గడ్డివిత్తనమంత. చాలామందికి అది కనిపించదు. ఈ పది ఈకలూ ఒకేసారి రాలవు. ఒంటి వైపు ఈక మొదట రాలుతుంది. అది సగం మొలిచేలోగా దాని పక్కది. అట్లా లోపలి నుంచి కొసకు, మెట్టు మెట్టుగా. అందుకే ఈకలు మార్చుకుంటూ కూడా పిట్ట ఎగరగలదు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. పీకే వేళ్లు చెప్పాయి. కార్తీకంలో నా వేళ్లు రెక్క మొదట్లో పీకేవి. క్రిస్మస్ పండగ నాటికి రెక్క నడుమ. మాఘం పోయేటప్పటికి కొసన. ఏటా అదే వరస.

ఇంత తెలిసిన నన్ను ఎవరూ అడగలేదు. అడగాల్సిన విషయమని నాకూ తోచలేదు. పారేసే చెత్త గురించి ఎవరైనా చెబుతారా?

దూరంగా కూర్చున్న అయ్యవారు

మస్తాన్ సాయిబు పోయాడు. దొర కొన్ని పెట్టెలు తీసుకుని తన దేశం పోయాడు. చాలా పెట్టెలు బంగళా వెనక కొట్టంలో మిగిలాయి. తర్వాత వచ్చినవాళ్లకు వాటి ఊసు అక్కర్లేదు. అప్పుడు కడప నుంచి ఒక అయ్యవారు వచ్చారు. బడిలో చదువు చెప్పే ఆయన. సొంతూరు రాయచోటి. బక్కపలచని మనిషి, ఒంటిమీద ఎప్పుడూ ఉతికిన పంచె. భార్యా బిడ్డలు లేరు. శనివారం రైలు దిగి, నడిచి వచ్చి, ఆదివారం సాయంత్రం తిరిగిపోయేవారు. పిట్టలు ఏ నెలలో ఏ ఈక రాల్చుకుంటాయో తెలుసుకోవాలని ఆయన పట్టుదల. అందుకోసం తొమ్మిదేండ్లు వచ్చారు.

దొర పెట్టెలు చాలవని మళ్లీ దావీదును పిట్టలు పట్టమన్నారు, నన్ను ఒలవమన్నారు. మంచివారు. ఒక్కనాడు కూడా కసురుకోలేదు. ఎండలో వచ్చిన దావీదుకు మజ్జిగ పోయించేవారు. కానీ ఒక్కటి. ఆయన పచ్చి పిట్టను తాకేవారు కాదు. రక్తం చూస్తే ఆ పూట భోజనం మానేసేవారు. నేను ఒలిచే కొట్టంలోకి తొమ్మిదేండ్లలో ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. నా చేతి నుంచి తీసుకునేవారూ కాదు. నేను బల్ల మీద పెట్టి దూరం జరిగితే, పూర్తిగా ఆరి, ఎండి, వాసన లేని పిట్టను తీసుకుని అద్దం పెట్టి చూసేవారు. అది ఆయన ఆచారం. మా పేటకు అది కొత్తా కాదు, వింతా కాదు. మా ఇద్దరి పని మధ్యా ఆ నాలుగు గజాల వసారా ఉండేది. మా బతుకును ముంచింది ఆ నాలుగు గజాలే అని నేనిప్పుడు అనుకుంటాను.

ఒక్కో పిట్టకు ఒక చీటీ. చీటీ మీద పది గడులు. ఒక్కో ఈక చూసి ఒక్కో గడిలో అంకె వేసేవారు. కొన్ని గడుల్లో గుండ్రంగా చుట్టేవారు. అది బొట్టులా ఉండేది. ఈక బాగుంటే బొట్టు పెడుతున్నారనుకుని, బొట్లు ఎక్కువున్న చీటీలు చూస్తే నాకు సంబరం.

ఒకసారి అడిగారు. "మరియమ్మా, ఆరబెట్టేటప్పుడు ఈకలు రాలిపోతాయా?"

"రాలవు సామీ. ఒక్కటి గూడా రాలనియ్యను."

"నీ చేతి మీద నాకు నమ్మకముంది" అన్నారు.

అబద్ధం చెప్పలేదు. రాలవు. పీకుతానా అని ఆయన అడగలేదు, పీకేస్తానని నేను చెప్పలేదు.

దావీదు అడిగిన మాట

ఏటి తడిలో బతికిన మనిషికి చలిజ్వరం తప్పదు. దావీదుకు ఏడు విడిచి ఏడు వచ్చేది. ఆఖరి ఏడు కడుపు ఎడమపక్క గట్టిపడి, మంచం పట్టాడు. ఆ సంగతి తెలిసి అయ్యవారు మా పేటకు వచ్చారు. ఇంట్లోకి రాలేదు. వీధిలోనే నిలబడి పిలిచారు. దావీదు మంచాన్ని నేనూ, వాళ్లన్న యాకోబు బావా కలిసి వాకిట్లోకి మోశాం.

అయ్యవారి ముఖంలో ఎప్పుడూ చూడని వెలుగు ఉంది. "దావీదూ, నీ పిట్టలు నాకొక పెద్ద విషయం చెప్పాయి" అన్నారు. మంచి తిండి దొరికే చోట పిట్ట ఒక ఈక రాల్చి ఒకటి మొలిపించుకుంటుందట. మన సీమకు వచ్చిన పిట్ట ఈకలు రాల్చుకుంటుందిగానీ మొలిపించుకోలేదట. ఖాళీ రెక్కలతో చలికాలమంతా గడుపుతుందట. ఇన్ని పిట్టల్లో మొలుస్తున్న ఈక ఒక్కటి కూడా కనబడలేదట. "ఒక ఈక మొలిపించే సత్తువ కూడా మన నేలకు లేదు, దావీదూ. ఇది ఇంతవరకూ ఎవరూ రాయలేదు. నేను రాస్తున్నాను."

చీటీల గడుల్లోని ఆ చుట్లు గుర్తొచ్చాయి. బొట్లు కావు అవి. సున్నాలు. నేను పీకిన ప్రతి ఈకకూ ఒక సున్నా.

దావీదు మాత్రం వేరే అడిగాడు. "సామీ, ఆ బుక్కులో నా పేరు రాస్తారా?"

"రాస్తాను. పట్టినవాడు దావీదు అని మొదటి పేజీలోనే రాస్తాను."

ఆయన వెళ్లిపోయాక దావీదు నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది.

"ఏమే, మొలకలు ల్యాకుండా యాడికి పోతాయి? ప్రాణంతో పట్టినోన్ని నేను చూడలేదా? రెక్క యిప్పితే నీలంగా, నిండు చూలాలు మాదిరి ఉంటాయి గదా."

"నేను పీకినాను" అన్నాను. "అన్నీ నేనే పీకినాను. రేపు పొయ్యి చెప్తా."

"వద్దు."

"తప్పు గదప్పా అది. ఆయప్ప తప్పు రాస్తాండాడు."

"రాయనీ. మా నాయన పేరు యాడన్నా ఉండాదా? మా తాత పేరు నీకు తెలుసునా? నాకే తెలీదు. నా పేరు అచ్చులో పడేదాకా నోరు మూసుకో మరియా. ఆమీద నీ ఇష్టం. నేను పొయ్యేవోన్నే గదా, ఇంగేమడుగుతాండా నిన్ను?"

పెండ్లయిన నాటి నుంచి ఆయన నన్ను ఏదీ అడిగినవాడు కాదు. సరే అన్నాను. పదిహేను రోజులకు పోయాడు.

ప్రాణంతో ఉన్న పిట్ట

రెండేండ్లు నోరు మూసుకున్నాను. ఆ రెండేండ్లూ యాకోబు బావ తెచ్చిన కొద్దిపాటి పిట్టలకు పీకుతూనే ఉన్నాను. ఉన్నట్టుండి మానేస్తే ఆయనకు తెలిసిపోతుందని. తెలియక చేసిన పనికి దేవుడు క్షమిస్తాడేమో. ఆ రెండేండ్లు తెలిసి చేశాను. ఆ తప్పును నేను ఎవరి మీదికీ తొయ్యలేను.

పుస్తకం రాయడం అయిపోయింది. అయ్యవారు కాగితాల కట్ట తెచ్చి చూపించారు. మద్రాసుకు పంపుతున్నానన్నారు. మొదటి కాగితం మీద వేలు పెట్టి "ఇదిగో, దావీదు" అన్నారు. నాకు ఆ అక్షరాలు తెలియవు. అందులోనూ ఇంగ్లీషువి. అయినా వాటినే చూస్తూ నిలబడ్డాను. దాని కిందే ఇంకొక వరస చూపించి, "ఇది నీ గురించి. మరియమ్మ ఒలిచిన ప్రతి పిట్టా ప్రాణంతో ఉన్నప్పుడు ఎట్లుండేదో అట్లే ఉంటుందని రాశాను" అన్నారు.

దావీదు కోసం మూసుకున్న నోటిని నా కోసం మూసుకోలేకపోయాను.

ఆ మరుసటి శనివారం యాకోబు బావ ఒక రెవ్వ పిట్టను పట్టి తెచ్చాడు. దావీదులా పట్టలేడు, నెలకొకటి పట్టడం కష్టం. అది ప్రాణంతోనే ఉంది. గుప్పిట్లో దాని గుండె కొట్టుకోవడం వేళ్లకు తెలుస్తోంది. రెక్క విప్పాను. నడిమిన రెండు ఈకలు, నీలంగా, నిండుగా. నా బొటనవేలు అలవాటుగా అక్కడికి పోయింది. పోయి ఆగింది. పిట్టను కొట్టంలోకి తీసుకుపోలేదు. నేరుగా వసారా ఎక్కాను. ఎప్పుడూ ఎక్కని మెట్టు. ఆయన బల్ల మీద, రాసిన కాగితాల పక్కనే పిట్ట రెక్క విప్పి పట్టాను.

"ఏంది మరియమ్మా ఇది? దూరంగా..."

"సూడు సామీ. తాకి సూడు."

ఆయన కొంచెం వెనక్కి జరిగారు. తర్వాత ఏమనుకున్నారో, వంగారు. చూశారు. తొమ్మిదేండ్లలో మొదటిసారి వేలు చాచి ఆ గొట్టాన్ని ముట్టుకున్నారు. లేత ఈక, నొక్కితే చిట్లింది. ఆయన వేలి కొసన రక్తపు చుక్క. తుడుచుకోలేదు. దాన్నే చూస్తూ ఉన్నారు.

"ఇవన్నీ నువ్వు..."

"పీకినా సామీ. కోడికి పీకినట్ల పీకినా. సాయిబు నేర్పినాడు. దొర బాగుందన్న్యాడు."

"ఎన్నింటికి?"

"అన్నిటికీ."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "దోషం నీదే కాదు. నేను ఒక్కరోజు ఆ కొట్టంలోకి వచ్చి ఉంటే చాలు" అన్నారు. అంతే.

"మళ్లా మొదలుపెడదాం సామీ. ఇంగ పీకను" అన్నాను.

"నాకు కండ్లు పోతున్నాయి మరియమ్మా. పట్టడానికి దావీదు లేడు."

"అట్లయితే నేను చెప్తా, రాసుకో. నా వేళ్లకు గుర్తుండాది. కార్తీకంలో ఒంటి పక్క ఈక, క్రిస్మస్‌కు నడిమి ఈక, మాఘంలో కొసది. ఒకటి సగం పెరిగితే గానీ ఇంగోటి రాలదు. శానా ఏండ్లు సూసినా సామీ."

ఆయన అంతా విన్నారు. కండ్ల నీళ్లు పెట్టుకున్నారు. "నువ్వు చెప్పింది నిజం. నేను తొమ్మిదేండ్లు వెతికింది ఇదే. కానీ ఇది రాయడానికి లేదు. పిట్టను చూపించాలి. మాట చాలదు" అన్నారు.

నా మాట చాలదని నాకు ముందే తెలుసు. అడగకూడని వేళ అడిగాను: "అయితే దావీదు పేరు?"

ఆయన కాగితాల కట్టకు తాడు చుట్టి ముడివేశారు. "పుస్తకమే లేనప్పుడు పేరెక్కడ రాసేది?" అన్నారు.

ఆ పిట్టను మాత్రం ఒలవమన్నారు. ఏమీ పీకకుండా ఒలిచాను. పగిలిన గొట్టం నుంచి రక్తం ఊరి తెల్ల పొట్ట మీద మరక పడింది. దొర చూస్తే బండకేసి కొట్టేవాడు. నేను చేసిన పనిలో నిజమైనది అదొక్కటే. దానికి చీటీ కట్టి, నా ముందు పెట్టి, అయ్యవారు రైలెక్కారు. మళ్లీ రాలేదు. మరుసటి ఏడు రాయచోటిలో పోయారని విన్నాను. ఆ కాగితాల కట్ట పొయ్యిలోకి పోయిందో, చెదలకు పోయిందో అడగడానికి నాకు అక్కడ ఎవరూ తెలియదు.

చీటీలు

పెట్టెలు కొట్టంలోనే ఉండిపోయాయి. రెండు వానాకాలాలు కప్పు కారింది. పాషాణం పూసిన తోలును పురుగు తినదంటారు. పూత తగలని కాళ్ల దగ్గర, రెక్కల దగ్గర మొదలుపెట్టి తింది. కొట్టం ఖాళీ చేయమని కొత్త ఓవర్సీరు చెబితే నేనే పోయి ఎత్తిపోశాను. నేను కుట్టిన పిట్టలు పట్టుకుంటే దూదీ దుమ్మూ అయి రాలాయి. నా ఒక్క నిజమైన పిట్ట కూడా. చీటీలు మాత్రం తెంపి ఈ రేకు డబ్బాలో దాచాను. వాటి మీద దావీదు పేరు ఉందనుకున్నాను. పుస్తకం పోయినా, పట్టినవాడి పేరు చీటీ మీద రాయకుండా ఉంటారా అనుకున్నాను. ఎవరికీ ఇచ్చి చదివించుకోలేదు. చదివిస్తే ఆ ఆశ ఎక్కడ అయిపోతుందోనని.

నిన్న కరుణ ముందు డబ్బా విప్పాను. ఒక్కొక్కటే చదవమన్నాను.

"నెల రాసుండాది అవ్వా. ఊరు రాసుండాది. మగదా ఆడదా అని ఉండాది."

"ఇంగ?"

"పది గడులు. ఒకటి, ఒకటి, సున్నా, సున్నా, ఒకటి..."

"పేరు?"

"ల్యాదవ్వా."

"ఇంగోటి సూడు."

చూసింది. అన్నీ చూసింది. పట్టపగటి వెలుతురు, తప్పు చదవడానికి లేదు. పాత చీటీల అడుగున దొర పేరు అచ్చు వేసి ఉందట. అయ్యవారి చీటీలకు అడుగున ఏమీ లేదట. అన్నిటికంటే చివరిది, రక్తపు మరక ఉన్న పిట్టది, చేతికిచ్చాను. దానిలో సున్నాలు లేవంది. నడిమి రెండు గడుల్లో 'పావు', 'సగం' అని రాసి ఉందంది.

"వెనక తిప్పి సూడమ్మా."

తిప్పింది. నా ముఖం చూడలేక చీటీనే చూస్తూ చెప్పింది. "వెనక ఏమీ ల్యాదవ్వా."

ఏ పేరు కోసం నేను రెండేండ్లు తెలిసి తప్పు చేశానో, ఆ పేరు నేను ముట్టుకున్న ఏ కాగితం మీదా లేదు. ఏ నిజం కోసం ఆ పేరును పోగొట్టానో, ఆ నిజాన్ని ఎవరూ తీసుకోలేదు. రెండూ పోయాయి. ఈ పనిలో చేరేవాళ్లకు దీన్నుంచి ఏదో మంచి మాట తీసి చెప్పమంటే నా దగ్గర లేదు. పచ్చి పిట్టను తాకండి. అసహ్యంగా ఉన్న ఈకను వదిలేయండి. తోలు ఒలిచే ఆడదాన్ని ఏమి పారేస్తున్నావని అడగండి. ఇంతకంటే నాకు తెలియదు. ఇవి చేసినా మీ పెట్టెలు చెదలు తినవని నేను మాటివ్వలేను.

కరుణ ఇంక రాయడం ఆపుదామా అంటోంది. ఆపొద్దు. ఇంకొక్క వరస ఉంది. దొర పేరు చీటీ మీద అచ్చయినంత పెద్ద అక్షరాలతో రాయమన్నాను. రాశాక ఆ అక్షరాల మీద నా గోరులేని వేలు పెట్టి, ఏది ఎవరి పేరో చూపించమంటాను.

పిట్టలు పట్టినవాడు దావీదు. ఈకలు పీకినది మరియమ్మ.